డైరీని ఎవరు చదువుతారు?

(ఒక రచయిత్రుల సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. పరిచయంలో అధ్యక్షురాలు చెప్పిన మంచి మాటల్లో సగం నా వయసుకిచ్చిన మర్యాద. దాన్ని పక్కనపెట్టి నేరుగా విషయంలోకి వస్తాను. వెనక వరసల్లో వాళ్ళకి వినిపిస్తోందా? మైకు కాస్త పెంచు బాబూ. ఆ, చాలు.

రచయిత్రుల డైరీల గురించి మాట్లాడమన్నారు. ముందు ఒక మగాయన సంగతి చెబుతాను. వెయ్యేళ్ళ పైమాట. జపాన్‌లో తోసా అనే మారుమూల ప్రాంతానికి గవర్నరుగా వెళ్ళి, పదవీకాలం అయిపోయాక 935లో పడవ మీద రాజధానికి తిరిగొచ్చాడు కి నో త్సురయుకి అనే ఆయన. అల్లాటప్పా మనిషి కాడు. పేరున్న కవి. చక్రవర్తి ఆజ్ఞ మీద తయారైన ‘కొకిన్‌షూ’ అనే కవితా సంకలనానికి సంపాదకుల్లో ఒకడు. ఆ ప్రయాణం మీద ఆయనొక డైరీ రాశాడు. అందులో మొట్టమొదటి మాటే ఇలా ఉంటుంది: మగవాళ్ళు డైరీలని రాస్తుంటారట, ఆడదాన్ని నేనూ ఒకటి రాసి చూస్తాను. అంతటి పదవి వెలగబెట్టిన గవర్నరుగారికి ఆడవేషం ఎందుకొచ్చిందీ అంటారా?

ఆ రోజుల్లో అక్కడి మగవాళ్ళ డైరీలు చైనా భాషలో ఉండేవి. ఏ తేదీన ఏ ఉత్సవం జరిగింది, ఆస్థానంలో ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరికి ఏ పదవి ఇచ్చారు, ఇవీ అందులో రాసేవి. రేపు కొడుకులకూ మనవలకూ పనికొచ్చే దస్తావేజులు. ఇంట్లో మాట్లాడే జపనీసు మాత్రం కనా లిపిలో రాసేవాళ్ళు. కవిత్వానికీ ప్రేమలేఖలకీ మగవాళ్ళూ దాన్ని వాడేవారు గానీ లోకం దృష్టిలో అది ఆడవాళ్ళ రాత. త్సురయుకి డైరీ పొడుగునా ఒక బెంగ ఉంటుంది. రాజధానిలో పుట్టిన ఆడపిల్లను వెంటబెట్టుకుని వెళ్ళారు, ఆ పిల్ల తోసాలో చనిపోయింది, తిరుగు ప్రయాణంలో ఆ పిల్ల లేదు. దస్తావేజు భాషలో దీనికి చోటెక్కడుంది? అందుకని ఆ పెద్దమనిషి ఆడవాళ్ళ గొంతు అరువు తెచ్చుకున్నాడు.

మనకిది మరీ వింతగా తోచనక్కర్లేదు. గురజాడ అప్పారావుగారు డైరీలు ఇంగ్లీషులో రాసుకున్నారు. వాడుక భాష కోసం అంత పోరాడిన మనిషి, పొద్దుగూకాక తన పుస్తకం తెరిచి ఇంగ్లీషులో రాసుకున్నారు. తప్పుపట్టడం లేదు. చదువుకున్న మగవాడి చెయ్యి ఏ కాలంలో ఎటు తిరుగుతుందో చెబుతున్నానంతే.

డైరీ అంటే ఎవరికీ చూపించకుండా రాసుకునేదని మనకో నమ్మకం. చిన్న తాళం, తాళంచెవి ఉన్న పుస్తకాలు కూడా అమ్ముతారు, చూసే ఉంటారు. నేను చెప్పదలచుకున్నది దానికి సరిగ్గా ఎదురు. ఆడవాళ్ళ డైరీలకి చదివేవాళ్ళు ఎప్పుడూ ఉన్నారు. మొగుడు చదివాడు. అన్న చదివాడు. తండ్రి చదివాడు, సంపాదకుడు చదివాడు. కొందరు ముసలితనంలో తామే చదువుతామని రాసుకున్నారు. ఎవరి కంట పడుతుందని అనుకుని రాసిందో, డైరీ రూపం దాన్నిబట్టే కుదిరింది. అందుకని ‘ఎంత నిష్కపటంగా రాసిందండీ, మనసు విప్పి పెట్టింది’ అంటే నాకు తృప్తి కలగదు. నవల రాసేవాళ్ళని ఎత్తుగడ గురించీ ముగింపు గురించీ అడుగుతాం కదా, ఈవిడనీ అవే అడగాలి.

త్సురయుకి తర్వాత కొద్ది దశాబ్దాలకే అదే దేశంలో అసలైన ఆడమనిషి ఒకావిడ డైరీ రాసింది. పేరు ‘కగెరో నిక్కి’. రాసినావిడ పేరు మాత్రం ఎవరికీ తెలీదు. చరిత్రలో ‘మిచిత్సునా తల్లి’గా మిగిలింది. మన ఊళ్ళలో ఫలానావాడి తల్లి అంటామే, అలాగ. భర్త ఫుజివరా కనెయియే, ఆ రోజుల్లో దేశాన్ని ఏలిన వంశంవాడు. ఈమె ఒక్కతే భార్య కాదు. అప్పటి ఆచారం ప్రకారం భార్య తన ఇంట్లో తను ఉంటుంది, భర్త వస్తూ పోతూ ఉంటాడు. వచ్చిన రాత్రులు వస్తాడు, రాని రాత్రులు రాడు. 954 నుంచి 974 దాకా, ఇరవయ్యేళ్ళ రాకపోకల లెక్క ఈ పుస్తకం.

ఎత్తుగడ చూడండి. ‘నేను’ అని మొదలుపెట్టదు. ఎవరో ఒకావిడ ఉండేది, పెద్ద అందగత్తె కాదు, గొప్ప తెలివితేటలూ లేవు, అని మూడో మనిషి కథలా అందుకుంటుంది. ఆవిడ పాత కథలన్నీ తిరగేసిందట. అన్నీ అల్లికలే, అబద్ధాలే. పెద్దింటి కోడలి బతుకు నిజంగా ఎలా ఉంటుందో తెలుసుకోవాలనేవాళ్ళుంటే, తన బతుకు రాసిపెడితే పనికొస్తుంది గదా అనుకుంటుంది. అంటే చదివేవాళ్ళని ముందే మనసులో పెట్టుకుంది. జపానువాళ్ళ పేరుమోసిన పెద్ద నవల ‘గెంజి గాథ’ పుట్టక ముందే ఒక స్త్రీ అప్పటిదాకా ఉన్న కథాసాహిత్యం మీద విమర్శ రాసి, దానికి బదులుగా తన డైరీని పెట్టింది. సాహిత్య చరిత్రలో ఇది చిన్న విషయం కాదు.

కొడుకు పుట్టిన కొద్దిరోజులకి, భర్త మరిచిపోయి వెళ్ళిన పెట్టె తెరిచి చూస్తే మరో స్త్రీకి రాసిన ఉత్తరం కనబడుతుంది. తర్వాత వరసగా మూడు రాత్రులు అతను రాడు. వచ్చి, నీ మనసు ఎలా ఉందో చూద్దామని రాలేదులే అని తేలిగ్గా కొట్టిపారేస్తాడు. ఈమె ఊరుకోదు. సాయంత్రం ఏదో పనుందని వెళ్తుంటే వెనక మనిషిని పంపుతుంది. ఆ మనిషి తిరిగొచ్చి చెబుతాడు: మాచి సందులో ఫలానా చోట బండి ఆగింది. రెండు మూడు రోజుల తర్వాత తెల్లవారుజామున ఈమె తలుపు తడతాడు. ఈమె తియ్యదు. అతను చక్కా ఆ సందులోకే పోతాడు. పొద్దున్న, వాడిపోతున్న చామంతికి కట్టి ఈమె ఒక పద్యం పంపుతుంది. ఏడుస్తూ ఒక్కదాన్నీ పడుకున్న రాత్రి తెల్లవారడానికి ఎంతసేపు పడుతుందో నీకేమన్నా తెలుసా, అని. జపాన్‌లో నూరుగురు కవుల నూరు పద్యాల సంకలనం ఒకటుంది, ఈ పద్యం అందులో చేరి పిల్లలకు కూడా కంఠతా వచ్చేంత ప్రసిద్ధమైంది. అతని జవాబూ గడుసుదే: శీతాకాలపు రాత్రి పొడుగే గానీ, ఎంతకీ తెరవని తలుపు బయట నిలబడటమూ కష్టమే!

ఇది వింటుంటే మనకి ఖండిత నాయిక గుర్తొస్తుంది కదూ? రాత్రంతా మరోచోట గడిపి తెల్లారి వచ్చిన నాయకుణ్ణి నిలదీసే నాయిక. క్షేత్రయ్య పదాలు విన్న చెవులకి ఈ కోపం, ఈ ఎత్తిపొడుపు బాగా పరిచయం. అక్కడా రాసింది మగవాడే, ఆడ గొంతుతో. పదం గొప్పదే, నేను కాదనను. కానీ ఖండిత నాయికకి అడ్రసు ఉండదు. ఏ ఊరో తెలీదు, ఏ సంవత్సరమో తెలీదు, రేపు ఆమె ఏం చేస్తుందో పదానికి అక్కర్లేదు. డైరీలో మాచి సందు ఉంది. మర్నాడుంది, మళ్ళీ ఏడుంది. ఇంకొన్నాళ్ళకి ఆ సందులో ఆవిడనీ అతను వదిలేశాడు, ఆవిడ బిడ్డ చనిపోయింది. అప్పుడు తన మనసు తేలికపడిందని ఈ రచయిత్రి రాసుకుంది. చదివితే ఒళ్ళు జలదరిస్తుంది. నాయికలు ఇలాంటివి అనరు, అనకూడదు. డైరీలో ఆమె అంది, తర్వాత కొట్టెయ్యలేదు.

ఈవిడ చెల్లెలి కూతురు కూడా రాసింది, ‘సరాషినా నిక్కి’. ఆమె పేరూ తెలీదు, తకసుయే కూతురు అంటారు. ఈ పిల్లకి కథల పిచ్చి. గెంజి గాథ మొత్తం చదవాలని దేవుడికి మొక్కుకుంది. చివరికి ఒక బంధువు పెట్టె నిండా యాభై పైచిలుకు భాగాలూ ఇచ్చి పంపితే, తెరచాటున దీపం పెట్టుకుని రాత్రింబవళ్ళు చదివింది. చక్రవర్తికి పట్టపురాణి అయితే మాత్రం ఇంతకంటే ఏముంటుంది అనుకుందట! పెద్దమ్మ కథలన్నీ అబద్ధాలంది, ఈ పిల్ల కథల్లోనే కాపురం పెట్టింది. ఇద్దరూ డైరీలే రాశారు.

ఇక ఇంగ్లండు. మనలో చాలామంది ‘డాఫడిల్స్’ పద్యం పాఠంగా చదువుకున్నవాళ్ళమే. మబ్బులాగా ఒంటరిగా తిరుగుతుంటే పూలు కనబడ్డాయంటాడు వర్డ్స్‌వర్త్. ఆయనేమీ ఒంటరిగా లేడు. పక్కన చెల్లెలు డొరతీ ఉంది. (నవ్వులు) 1802 ఏప్రిల్ 15న ఇద్దరూ నడిచి వస్తుండగా సరస్సు ఒడ్డున ఆ పూలు కనబడ్డ సంగతి ఆమె డైరీలో ఉంది. కొన్ని పూలు అలసిపోయి రాళ్ళమీద తలగడమీద లాగా తలలు వాల్చాయట, మిగిలినవి ఊగుతూ తూలుతూ నాట్యమాడుతున్నాయట. అన్నగారు పద్యం రాసింది 1804లో, అచ్చయింది 1807లో. డొరతీ 1800 మేలో డైరీ మొదలుపెడుతూ కారణం కూడా రాసింది: విలియం తిరిగొచ్చాక చదివి సంతోషిస్తాడని. ఆ చదివేవాడి కోసం రాసిన డైరీలో ‘నేను’ చాలా తక్కువ. వాన, కొండ, దారిన పోయే బిచ్చగత్తె, కాల్చిన రొట్టె, అన్నగారి తలనొప్పి. తనకేమనిపించిందో వెతుక్కోవాలి. అన్నగారు దొంగిలించాడని వీరావేశంతో రాసేవాళ్ళున్నారు. నేనంత దూరం వెళ్ళను. రాసి పెట్టింది ఆయన తీసుకోవడానికే, తీసుకున్నాడు. ఆ పద్యంలో అందరూ మెచ్చుకునే ‘లోపలి కన్ను’ పాదాలు రెండూ ఆయన భార్య మేరీ ఇచ్చినవి. అది ఆయనే ఒప్పుకున్నాడు. మొత్తానికి ఆ ఒంటరి పద్యానికి ముగ్గురు పనిచేశారు.

ఇప్పుడు సోఫియా దగ్గరికి వద్దాం. సోఫియా టాల్‌స్టాయ్. రష్యా నవలాకారుడు లియో టాల్‌స్టాయ్‌తో 1862లో పెళ్ళి. ఆమెకు పద్దెనిమిది, ఆయనకు ముప్ఫై నాలుగు. పెళ్ళికి ముందు ఆయన చేసిన పని ఏమిటో తెలుసా? తన బ్రహ్మచారి రోజుల డైరీలన్నీ తెచ్చి ఆ పిల్ల చేతిలో పెట్టాడు. మన మధ్య రహస్యాలుండకూడదు, చదువుకో అని. అందులో ఆయన తిరుగుళ్ళన్నీ ఉన్నాయి. యాస్నాయా పొల్యానా జాగీరులోనే అక్సిన్యా అనే రైతు స్త్రీతో సంబంధం, ఆమెకు పుట్టిన కొడుకు, అంతా ఉంది. ఆ పిల్ల కాపురానికి వెళ్ళాల్సింది ఆ జాగీరుకే. ఆయన నవల ‘అన్నా కరేనినా’లో లెవిన్ తను పెళ్ళాడబోయే కిట్టీకి డైరీలిచ్చే ఘట్టం చదివి, ఎంత నిజాయితీపరుడో అనుకుంటాం. తీసుకున్న అమ్మాయి వైపు నుంచి చూడాలంటే సోఫియా డైరీ చదవాలి. పెళ్ళయిన కొన్నాళ్ళకే, అక్టోబరులో, ఆమె మళ్ళీ డైరీ అందుకుంది. మనసు బాగాలేనప్పుడు రాసేదాన్ని, ఇప్పుడూ అందుకేనేమో అన్న అర్థంలో మొదలవుతుంది.

తర్వాత నలభై ఎనిమిదేళ్ళు ఆ ఇంట్లో రెండు డైరీలు నడిచాయి. ఒకరిది ఒకరు చదువుతూ. దీన్ని మామూలు డైరీ అని ఎలా అంటాం? నోటితో అడగలేనిది అందులో రాసి పెడితే రెండోవాళ్ళు చదువుతారు, తన దాంట్లో జవాబు రాస్తారు. పదమూడుగురు పిల్లల్ని కంది, ఆయన రాతప్రతులకు శుద్ధప్రతులు రాసింది, జాగీరు లెక్కలు చూసింది, ఆయన పుస్తకాలు అచ్చు వేయించింది. మేధావికి సేవ చేయడం కోసం తనలో ఉన్నదాన్ని ఎప్పటికీ అణచుకుంటూ ఉండటం ఎంత దురదృష్టమో తర్వాతి ఏళ్ళలో ఆమే రాసుకుంది. ఆమె రాసిన నవలిక ఒకటుంది, ‘తప్పెవరిది?’ అని. భర్త రాసిన ‘క్రూట్జర్ సొనాటా’కి జవాబుగా రాసింది. అది రష్యాలో అచ్చయింది 1994లో. రాసినావిడ పోయి డెబ్బై అయిదేళ్ళు.

చివరి ఏడాది, 1910లో, టాల్‌స్టాయ్‌కి తన డైరీలో తనకి చోటులేకుండా పోయింది. భార్య చదువుతుంది, శిష్యుడు చెర్త్‌కోవ్ చదువుతాడు, రేపు లోకం చదువుతుంది. జులై నెలాఖరులో ‘నా ఒక్కడి కోసం డైరీ’ అని ఇంకో పుస్తకం మొదలుపెట్టాడు. దాన్ని బూటులో దాచేవాడు. ఆమెకు అదీ దొరికింది. ఎనభై రెండేళ్ళ మనిషి, ప్రపంచమంతా చేతులు జోడించే మనిషి, నాలుగు పేజీలు దాచుకోవడానికి బూటు వెతుక్కున్నాడు. అక్టోబరు 28 తెల్లవారుజామున ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి తన గదిలో ఆమె కాగితాలు వెతుకుతున్న చప్పుడు విని లేచాడు. డైరీ ఇచ్చి మొదలుపెట్టిన కాపురం అలా ముగిసింది. ఈ కథలో నేను ఎవరి పక్షమని అడక్కండి, చదివిన ప్రతిసారీ మారుతుంటాను.

ఎవరూ చదవకుండా చేద్దామని గట్టిగా పూనుకున్నావిడ ఒకావిడ ఉంది, యార్క్‌షైర్ భూస్వామిని ఆన్ లిస్టర్, 1791లో పుట్టి 1840లో పోయింది. లక్షల మాటల డైరీలో ఆరోవంతు సంకేత లిపిలో రాసుకుంది. గ్రీకు అక్షరాలు, గణిత చిహ్నాలు కలిపి తానే కట్టిన లిపి. స్త్రీలతో తన ప్రేమల సంగతులు అందులో ఉన్నాయి. 1890ల్లో ఆ వంశపు వాడొకాయన, స్నేహితుడితో కూర్చుని ఆ లిపి విప్పాడు. చదివి ఆ స్నేహితుడు కాల్చెయ్యమన్నాడు. ఆయన కాల్చలేదు, గోడ చెక్కల వెనక దాచాడు. 1988లో గానీ ఆ భాగాలు పుస్తకంగా రాలేదు.

ఇంగ్లీషు నవలా రచయిత్రి వర్జీనియా ఉల్ఫ్ దగ్గర కొంచెంసేపు ఆగుతాను. ఆమెకు చదివేవాళ్ళ సమస్య తెలుసు, దానికి ఆమె కనిపెట్టిన ఉపాయం నాకు చాలా ఇష్టం. 1919 జనవరిలో, ఇంకా ముప్ఫై ఏడు నిండలేదు, ఏడాది డైరీ తిరగేసి, ఇది పరుగో పరుగు అన్నట్టుంది అనుకుంది. వెంటనే ఒక పాఠకురాలిని ఊహించుకుంది. యాభై ఏళ్ళ వర్జీనియా ఉల్ఫ్. ఆవిడ ఈ పుస్తకాలు ముందేసుకుని ఆత్మకథ రాసుకోవడానికి కూర్చుంటుంది. అప్పటికి ఆవిడకి ఒక వాక్యం కుదురుగా రాయడం చేతకాకపోతే సానుభూతి చెబుతాను, పొయ్యి ఉందన్న సంగతి గుర్తుచేస్తాను అంటుంది. కాల్చుకోమని! తన డైరీకి తనే పాఠకురాలు, అదీ కాస్త పెద్దరికం ఉన్న పాఠకురాలు. ఆమె ముందు అబద్ధమాడితే పట్టేస్తుంది, మరీ సంజాయిషీ ఇచ్చుకోనక్కర్లేదు.

అదే ఏడాది ఈస్టర్ రోజున, వ్యాకరణం కూడా సరిగా లేదని బాధపడుతూనే, తన డైరీ ఎలా ఉండాలో రాసుకుంది. వదులుగా ఉండాలి, అలాగని చిందరవందరగా ఉండకూడదు. గంభీరమైనదీ అల్పమైనదీ ఏది తోస్తే అది పట్టాలి. లోతైన పాత బల్ల సొరుగులో ఏవేవో పడేసినట్టు పడేసి, ఏడాదో రెండేళ్ళో పోయాక చూస్తే అవన్నీ వాటంతట అవే ఒక రూపానికి వచ్చి ఉండాలి. టీ తాగాక దొరికే అరగంటలో ఈ రాత. తన కంటి కోసమే రాసే ఈ అలవాటు కీళ్ళు వదులు చేస్తుందని, తన వృత్తిరచనలో కాస్త సులువు దీనివల్లే వచ్చిందని ఆమె అభిప్రాయం. ఇక్కడ కూర్చున్న కొత్త రచయిత్రులు దీన్ని గమనించాలి.

1941లో ఆమె చనిపోయాక, 1953లో భర్త లెనార్డ్ ఒక సంపుటం తెచ్చాడు, ‘ఎ రైటర్స్ డైరీ’. రచనకు సంబంధించినవి ఎక్కువగా ఏరి పెట్టాడు. బతికున్నవాళ్ళ మనసులు నొచ్చుకోకూడదు, ఆయన ఇబ్బంది ఆయనది. కానీ చాలాకాలం పాటు ఆమె డైరీ అంటే రచనాశాల తప్ప ఇంకేమీ కాదన్నట్టు అయింది. 1977 నుంచి 1984 దాకా ఆన్ ఒలివియర్ బెల్ సంపాదకత్వంలో అయిదు సంపుటాలు వచ్చాక గానీ ఇల్లు కనబడలేదు. ఆ ఇంట్లో నెలీ బాక్సాల్ ఉంది. వంటమనిషి. 1916 నుంచి 1934 దాకా పనిచేసింది. వెళ్ళిపోతానంటుంది, ఉంటానంటుంది, వర్జీనియా పొమ్మంటుంది, మళ్ళీ ఇద్దరూ రాజీపడతారు. పేజీలకు పేజీలు. 1929 డిసెంబరులో వర్జీనియా రాసుకున్న మాట ఒకటుంది: ఈ డైరీ మరొకరి పుస్తకమై నా చేతికొస్తే, నెలీ బొమ్మ మీదే ఆశగా పడి కథంతా ఆమె చుట్టూ తిప్పేదాన్ని. స్త్రీ రాయాలంటే డబ్బూ, తనకంటూ ఒక గదీ కావాలన్న ఆమె పుస్తకం వచ్చి అప్పటికి రెండు నెలలే. ఆ గది ఊడ్చిన మనిషికి గది ఏదీ అన్న ప్రశ్న ఆ పుస్తకంలో వెతికితే సరిగా దొరకదు. డైరీలో దొరుకుతుంది, ఆమె అడగాలనుకోకపోయినా.

నౌకర్ల గురించీ యూదుల గురించీ ఆమె రాసిన కొన్ని మాటలు చదివితే మనసు చివుక్కుమంటుంది. ఆమె భర్తే యూదుడు. డైరీ కదా అని వెనకేసుకురావద్దు. డైరీలో గొప్ప వాక్యానికి మెచ్చుకుంటే, నీచమైన వాక్యానికీ లెక్క అడగాలి.

నాజీలకు చిక్కకుండా ఆమ్‌స్టర్‌డామ్‌లో దాక్కున్న యూదు పిల్ల ఆన్ ఫ్రాంక్ గురించి తొందరగా ఒకమాట. అమాయకపు పిల్ల డైరీ అంటుంటాం. 1944 మార్చి 28న లండన్ రేడియోలో డచ్చి మంత్రి ఒకాయన, యుద్ధం అయ్యాక జనం డైరీలూ ఉత్తరాలూ సేకరిస్తామన్నాడు. అది విని, మే నెలలో ఆ పిల్ల తన డైరీని మొదటినుంచి విడి కాగితాల మీద తిరగరాయడం మొదలుపెట్టింది. కొన్ని తీసేసింది, కొన్ని కలిపింది, మనుషుల పేర్లు మార్చింది. పదిహేనేళ్ళకి తన పుస్తకానికి తనే సంపాదకురాలు. ఆగస్టు 4న పట్టుకుపోయారు. తండ్రి ఆ రెండు పాఠాలూ కలిపి, తల్లి మీద రాసినవీ ఒంటి గురించి రాసినవీ కొన్ని తీసి, 1947లో అచ్చు వేయించాడు. అమెరికా కవయిత్రి సిల్వియా ప్లాత్ సంగతి మీకు తెలిసిందే. 1982లో వచ్చిన ఆమె డైరీల సంక్షిప్త ప్రతి ముందుమాటలో భర్త టెడ్ హ్యూస్, చివరి నెలల నోటుబుక్కు తానే నాశనం చేశానని, పిల్లలు దాన్ని చదవాల్సి రాకూడదనే చేశానని రాశాడు. అంతకుముందుది ఇంకొకటి కనబడకుండా పోయిందన్నాడు. అంతకంటే దీని మీద చెప్పడానికి ఏముంది?

మన సంగతికొస్తే. రచయిత్రుల డైరీలు పుస్తకాలై నా కంటబడినవి తెలుగులో చాలా తక్కువ. ఉత్తరాలున్నాయి, ఆత్మకథలున్నాయి. కనుపర్తి వరలక్ష్మమ్మగారు ‘గృహలక్ష్మి’ పత్రికలో ‘శారద లేఖలు’ రాశారు. స్నేహితురాలికి ఉత్తరాల రూపంలో లోకంలోని సంగతులన్నీ. డైరీకి చాలా దగ్గరి వరస అది. కానీ అచ్చులో రావడానికే రాసినవి, నలుగురిలో ఉండాల్సిన మర్యాదంతా ఉంటుంది.

మన ఇళ్ళలోకి డైరీలు రాకపోలేదు. జనవరి వచ్చిందంటే కంపెనీలూ బ్యాంకులూ ఇచ్చేవి, మగవాళ్ళ పేరుమీద. ఏడాది తిరిగాక, ఆయన వాడనిది ఆడవాళ్ళ చేతికొచ్చేది. అందులో ఏం రాసేవాళ్ళు? చుక్కల ముగ్గులు. మంగళహారతి పాటలు. ఆవకాయ కొలతలు. చాకలి పద్దు, పాల లెక్క. రామకోటి. పేజీ నెత్తిన తేదీ అచ్చయి ఉంటుంది, దానికీ రాసినదానికీ సంబంధం ఉండదు. ఇవి సాహిత్యమని బుకాయించను. కానీ పాల లెక్క పక్కనే ఎక్కడో ఒక మూల, ‘ఈరోజు అమ్మ వచ్చి వెళ్ళింది’ అని ఒక్క ముక్క ఉంటుంది. పదిమంది తిరిగే ఇంట్లో, సొంత సొరుగు లేని చోట, అంతకంటే ఎక్కువ రాయడం కుదరదు. ఎవరు తెరిచినా పాల లెక్కే కనబడాలి.

ఇంకో కారణం కూడా ఉంది. కొండపల్లి కోటేశ్వరమ్మగారి ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో వచ్చింది, ఆవిడకి తొంభై దాటాక. కమ్యూనిస్టు ఉద్యమంలో రహస్య జీవితం గడిపిన రోజుల్లో ఆవిడ డైరీ రాసి ఉంటే అని నాకు ఆశ పుడుతుంది. తలచుకుంటే తెలివితక్కువ ఆశ. స్థావరాలు మారుతూ తలదాచుకునేవాళ్ళకి కాగితం మీద అక్షరం ఉంటే అది సాక్ష్యం. మనుషులు దొరికిపోతారు. తెలంగాణ పోరాటంలో ఉన్న స్త్రీల మాటలు ‘మనకు తెలియని మన చరిత్ర’గా 1986లో వచ్చాయి. అవి రాసుకున్నవి కావు. ముప్ఫై ఏళ్ళు దాటాక ఇంకో తరం ఆడవాళ్ళు వెళ్ళి అడిగితే చెప్పినవి.

చీటీ వచ్చింది. అయిదు నిమిషాలట. ఒక్కావిడ గురించి చెప్పి ఆపుతాను.

కరొలీనా మరియా దె జెసూస్. బ్రెజిల్. సావ్ పావ్లో నగరంలో కనిందే అనే మురికివాడలో, ముగ్గురు పిల్లలతో, చిత్తుకాగితాలు ఏరి అమ్ముకుని బతికిన నల్లజాతి స్త్రీ. బడికి వెళ్ళింది రెండేళ్ళు. ఏరిన కాగితాల్లో రాయడానికి పనికొచ్చే నోటుబుక్కులు దొరికితే అమ్మేది కాదు, దాచుకుని రాసేది. అచ్చయిన పుస్తకం 1955 జులై 15తో మొదలవుతుంది. ఆరోజు కూతురి పుట్టినరోజు, చెప్పులజత కొందామనుకుంది, తిండి సరుకుల ధరలు చూసి కొనలేకపోయింది. ఆకలికి ఆమె రంగు చెప్పింది, పసుపు. తినకముందు ఆకాశం, చెట్లు, పిట్టలు అన్నీ పసుపురంగులో కనబడ్డాయట, తిన్నాక అన్నీ మామూలు రంగులకొచ్చాయట. ఆకలి గురించి రాసినవాళ్ళు మనకి బోలెడుమంది ఉన్నారు. కడుపులోంచి ఇంత కచ్చితంగా చెప్పిన వాక్యం నాకు వెంటనే మరొకటి గుర్తురావడం లేదు.

ఈవిడ డైరీ దాచలేదు. పక్కింటివాళ్ళు గొడవకొస్తే, మిమ్మల్ని నా పుస్తకంలోకి ఎక్కిస్తానని బెదిరించేది. చేతిలో ఉన్న ఒకే ఆయుధం అది. 1958లో వాడ మీద వార్త రాయడానికొచ్చిన అవుదాలియో దాంతాస్ అనే విలేకరి కంట ఆ నోటుబుక్కులు పడ్డాయి. 1960లో పుస్తకం వచ్చింది, పదివేల కాపీల మొదటి ముద్రణ రోజుల్లోనే అయిపోయింది. చాలా భాషల్లోకి వెళ్ళింది. ఆ పుస్తకంలో ఆయన చాలా కత్తిరించాడు, ఆమె అక్షరదోషాలు మాత్రం అలాగే ఉంచాడు. ఎందుకుంచాడు? సహజంగా ఉండాలని అంటారు. వర్జీనియా ఉల్ఫ్ వ్యాకరణం తప్పితే చేతివేగం అంటాం, కరొలీనాది తప్పితే చదువులేనితనం అంటాం. అచ్చులో దాన్ని ప్రదర్శనకి పెడతాం.

ఆమె డైరీ ఒక్కటే రాయలేదు. కవితలు రాసింది, పాటలు కట్టింది, నవలలు రాసింది. తనను కవయిత్రిగా చూడమంది. జనానికి వాడ డైరీ తప్ప ఇంకేదీ అక్కర్లేకపోయింది. వాడ వదిలి ఇటుకల ఇంట్లోకి మారాక రాసిన రెండో డైరీలో, తనని చూడటానికి వచ్చే పెద్దమనుషుల గురించి మొహమాటం లేకుండా రాసింది. అది మొదటిదానిలా అమ్ముడుపోలేదు. 1963లో ఒక నవలా, సామెతల పుస్తకమూ సొంత ఖర్చుతో వేసుకుంది. 1977లో పోయేనాటికి ఆమె దగ్గర ఇంకా అచ్చుకాని రాతప్రతులు ఉన్నాయి. వాటిని ఇప్పుడు ఎవరు ఏరాలి, దోషాలు దిద్దాలా ఉంచాలా అన్న తగువు ఆ దేశంలో నడుస్తూ వచ్చింది. నన్నడిగితే అచ్చుతప్పులు దిద్దుకునే హక్కు ప్రతి రచయితకీ ఉన్నట్టే ఆమెకీ ఉంది. దీనికి ఒప్పుకోనివాళ్ళు ఈ గదిలోనే ఉంటారని తెలుసు.

ఇక ఆపుతాను, అధ్యక్షురాలు గడియారం చూస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి. ముందు ఆ కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి, టెడ్ హ్యూస్ పేరెత్తినప్పటినుంచీ చెయ్యెత్తే ఉంది.